సరోజన మేడం పుస్తకంలో ఒ.పొ.

రాత్రి అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక కంట్లో మందు చుక్క వేసుకుని, కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో నొక్కి పట్టుకుంటాను. ఎంత గట్టిగా పట్టుకున్నా ఒక్కోరోజు కాసేపటికే గొంతులోకి సన్నని చేదు దిగుతుంది. నాలుక మీద కాదు, ఇంకా లోపల, మింగే చోట. నీళ్లు తాగినా వెంటనే పోదు. ఆ చేదు తగిలినప్పుడల్లా నాకు సరోజన మేడం మాట వినిపిస్తుంది. "మూల ఒత్తి పట్టుకో బాపూ. మందు కంటికి, గొంతుకు గాదు." రోజుకు పాతికమందికి చెప్పేది ఆ మాట. అప్పట్లో పక్కన నిలబడి విని విని విసుక్కునేవాణ్ని.

వరంగల్‌లో ఒక ట్రస్టు నడిపే కంటి ఆసుపత్రిలో మందుల కౌంటర్‌కు ఆమె పెద్ద. ఆమె కింద నేను తొమ్మిదేళ్లు పనిచేశాను. పోయిన వానాకాలం ఆమె చనిపోయింది. దినాల నాడు పాత ఉద్యోగులు ఇద్దరు చేతులు కడుక్కునే చోట నిలబడి, మనిషి మంచిదే గానీ ఆ కమీషన్ లొల్లి ఒక్కటి లేకుంటే ఎంత బాగుండేది అనుకోవడం నా చెవిన పడింది. ఆ లొల్లి ఎక్కడ పుట్టిందో వాళ్లకు తెలియదు. నాకు తెలుసు. అక్కడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేక ఇంటికి వచ్చాను. ఆమెను చూడని వాళ్లకు ఆమె ఎవరో తెలియాలని, చూసిన వాళ్లకు జరిగిందేమిటో తెలియాలని ఇప్పుడు రాస్తున్నాను.

పొట్టి మనిషి. తెల్లకోటు మోకాళ్లు దాటి కిందికి వేలాడేది. కౌంటర్‌లో అందరం గాజు పలక వెనక కూర్చుని కన్నంలోంచి మందులు ఇస్తుంటే, ఆమె మాత్రం బయటికి వచ్చి బెంచీ మీద రోగి పక్కన కూర్చునేది. ఉత్త నీళ్లు పోసిన ఒక చుక్కల సీసా ఎప్పుడూ జేబులో ఉండేది. దాన్ని రోగి చేతికిచ్చి, ఎయ్యి చూస్త, అనేది. పది మందిలో ఆరుగురు చెంప మీద వేసుకునేవాళ్లు. "జబ్బు చెంపకు గాదు గద పెద్దబాపూ" అంటే బెంచీ అంతా నవ్వేది. మూడుసార్లు సరిగ్గా పడేదాకా అసలు మందు చేతికి ఇచ్చేది కాదు. నేను చేరిన మొదటి వారంలోనే నన్నొకసారి ఎగాదిగా చూసి, "నీ మొఖం జూస్తె మందు గూడ చేదైతది తమ్మీ, జర నవ్వు" అన్నది. నవ్వాను. ఆ మాట మాత్రం లోపల పెట్టుకున్నాను. ఇప్పుడు అన్నీ చెప్పాలనుకున్నాను కనుక ఇదీ చెబుతున్నాను.

మా దగ్గరికి ఎక్కువగా వచ్చేది నీటికాసుల రోగులు. కంటిలో ఒత్తిడి పెరిగి వెనక నరం మెల్లమెల్లగా చచ్చిపోయే జబ్బు అది. నొప్పి ఉండదు. చూపు పక్కల నుంచి తరుగుతూ వస్తుంది, ఎదురుగా ఉన్నది చివరిదాకా బాగానే కనిపిస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు. చుక్కల మందు పనల్లా మిగిలినదాన్ని కాపాడటమే. వేసుకుంటే బాగుపడినట్టు ఏమీ అనిపించదు, మానేస్తే చెడినట్టూ అనిపించదు. అందుకే జనం మానేస్తారు. పైగా డాక్టరు ప్రెషర్ అంటాడు, వీళ్లు దాన్ని బీపీ అనుకుంటారు. బీపీ గోళీ వేసుకుంటున్నాం కదా, ఈ చుక్కలెందుకు అని గూట్లో పెట్టేస్తారు.

అలాంటి వాళ్లలో ఐలయ్య ఒకడు. జంపఖానాలు నేసే మనిషి, అప్పటికి యాభై దాటి ఉంటాయి. మగ్గం మీద కూర్చుంటే ఎదురుగా ఉన్న నూలు కనిపిస్తున్నదనీ, నూలు మోసే నాడె పక్కకు పోతే కనిపించడం లేదనీ చెప్పుకుంటూ వచ్చాడు. పరీక్ష చేసి డాక్టరు రెండు సీసాలు రాశాడు. ఒకటి పొద్దున, సాయంత్రం వేసుకోవాలి. రెండోది రాత్రి ఒక్కసారే. రెండూ చౌక. ఆ రెండు మందులనూ కలిపి ఒకే సీసాలో చేసిన మందు కూడా ఉంది, అది రాత్రిపూట ఒక్క చుక్క చాలు. కానీ ఆ ఒక్క సీసా ధర ఈ రెండు సీసాల ధరకన్నా బాగా ఎక్కువ. ఐలయ్య ఆరు నెలలు రెండు సీసాల మందు వాడాడు, వాడుతున్నానని చెప్పాడు, ఒత్తిడి మాత్రం దిగలేదు. అప్పుడు సరోజన మేడం అతని చెయ్యి పట్టుకుని డాక్టరు గదికి తీసుకెళ్లి, కలిపిన మందు రాయించుకు వచ్చింది. అతనికొక్కడికే కాదు, ఇంకా కొంతమందికి అలాగే చేసేది. అందరికీ చేసేది కాదు. ఎవరికి చేస్తుందో, ఎవరికి చెయ్యదో నాకు లెక్క తెలిసేది కాదు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. కూలినాలి చేసుకునే వాళ్లకు ఇంత ఖరీదు మందు ఎందుకు రాయిస్తున్నారు మేడం అన్నాను. ఆమె కోపం తెచ్చుకోలేదు.

"గూట్లె ఉన్న సీస ఎంత సస్తదైతేంది తమ్మీ, కంట్ల పడనప్పుడు? కొందరు రెండు సీసలు గూడ గడియారం లెక్క ఏస్తరు. ఆళ్లకు రెండే మంచిది, పైసలెందుకు దండుగ? కొందరికి రెండు నిలువయ్. ఎవలకు ఏది ఏడాది నిలుస్తదో ఆళ్లకు అదే సస్త."

ఆ మాట అర్థం చేసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. కానీ నేను మాట వినలేదు, మాట వెనక ఏముందో అని చూశాను. ఎందుకంటే అప్పటికే నాకు మూడు విషయాల మీద అనుమానం పడింది.

ఒకటి, ఆమె ఖాళీ సీసాలు పోగుచేసేది. ప్రతి సీసా మీద తెరిచిన తారీఖు పెన్నుతో రాసిచ్చి, అయిపోయాక పారేయకుండా తెచ్చివ్వమని రోగులకు మరీ మరీ చెప్పేది. అయిపోయిన సీసాతో ఎవరికైనా ఏం పని? రెండోది, ఆ కలిపిన మందు కంపెనీ మనిషి ప్రతి శనివారం వచ్చేవాడు. ఒక శనివారం ఆమె ఆ సీసాల సంచీ అతని చేతికివ్వడం నా కళ్లతో చూశాను. ఎన్ని సీసాలు అమ్మితే అంత ముడుతుందని, దానికి ఇవి రుజువులని నాకు నేనే తేల్చుకున్నాను. మూడోది, ఆమె పుస్తకం. పొడుగ్గా ఉండే రూళ్ల పుస్తకం. రోగి పక్కన కూర్చుని గొంతు తగ్గించి చెవి దగ్గర ఏదో అడిగేది. రోగి అటూ ఇటూ చూసి ఏదో చెప్పేవాడు. ఆమె పుస్తకంలో రాసుకునేది. ఆమె భోజనానికి లేచినప్పుడు ఒకసారి తెరిచి చూశాను. పేర్ల పక్కన 'ఒ.పొ.' అనీ, దాని పక్కన 'శ' అనీ, కొన్నిచోట్ల 'సో' అనీ ఉంది. ఆమె రాతలో 'పొ'కూ 'ప్ర'కూ తేడా తెలిసేది కాదు. 'ఒ.ప్ర.' అని చదివాను. ఒప్పందం ప్రకారం. 'శ' అంటే శనివారం, కంపెనీ మనిషి వచ్చే రోజు. అంతా అతికినట్టు సరిపోయింది. అనుమానం ఒకసారి పట్టాక చూసినవన్నీ సాక్ష్యాలుగానే కనిపిస్తాయని అప్పుడు తెలియలేదు.

ఆమె తర్వాత ఆ కుర్చీ నాదే. దాని మీద ఆశ లేదని ఇప్పుడు అంటే అబద్ధం. కానీ కుర్చీ కోసమే చేశానన్నా పూర్తి నిజం కాదు. పేదల తరఫున నిలబడుతున్నానని నేను నిజంగానే నమ్మాను. ఆ నమ్మకమే నా చేత ఆ పని ధైర్యంగా చేయించింది. కేసముద్రంలో మా మేనమామ ఇంటికి పోయినప్పుడు అక్కడ మార్కెట్ దగ్గర ఒక టైపింగ్ షాపులో ఆకాశరామన్న ఉత్తరం ఒకటి కొట్టించి ట్రస్టు పెద్దలకు పోస్టు చేశాను. సీసాల సంగతి, శనివారం సంగతి, ఒ.ప్ర. సంగతి అన్నీ రాశాను. ఆఖర్న 'పేదల కళ్లతో వ్యాపారం' అని ఒక ముక్క కూడా చేర్చాను. ఆ ముక్క నాకు బాగా నచ్చింది.

విచారణకు ముగ్గురు పెద్దలు వచ్చి కూర్చున్నారు. మేడం రాత నాకు అలవాటని నన్నూ లోపలికి పిలిచారు. పుస్తకం బల్ల మీద ఉంది. ఈ అక్షరాలేమిటమ్మా అని అడిగారు.

"ఒక్కపొద్దు సార్" అన్నది మేడం.

వాళ్లకు అర్థం కాలేదు. ఆమె నిలబడే చెప్పింది. శనివారం, సోమవారం ఒక్కపొద్దు ఉండేవాళ్లు పొద్దున చుక్క వేసుకోరట. మందు గొంతులోకి దిగి చేదు తగిలితే ఒక్కపొద్దు చెడిందని భయమట. ఆ రోజుతో అలవాటు తప్పి, మెల్లగా మిగతా రోజులూ మానేస్తారట. డాక్టరుకు చెబితే తిడతాడని చెప్పరట, అందుకే తను చెవి దగ్గర అడుగుతుందట. రాత్రి అన్నం తిన్నాక ఒక్క చుక్క వేసుకునే మందైతే ఒక్కపొద్దుతో పేచీ లేదు, వాళ్లు ఏళ్ల తరబడి వదలకుండా వేసుకుంటారట. ఖాళీ సీసా ఎన్ని రోజులకు వచ్చిందో చూస్తే ఎవరు వేస్తున్నారో, ఎవరు వెయ్యడం లేదో తెలుస్తుందట. సీసా మూతి పెద్దదై ఒత్తితే రెండేసి చుక్కలు పడి నెల తిరక్కముందే అయిపోతున్నదని, అది చూపించడానికే సీసాలు కంపెనీ మనిషికి ఇచ్చిందట.

ఇన్ని 'అట'లు ఇప్పుడు కావాలనే రాశాను. ఆ రోజు నాకు ఆ మాటలు అలాగే వినిపించాయి. పెద్దల్లో ఒకాయన నవ్వు ఆపుకున్నాడు. ఇంకొకాయన నా వైపు తిరిగి, నువ్వేమంటావయ్యా అన్నాడు. కంపెనీ మనిషి వచ్చేది కూడా శనివారమే సార్ అన్నాను. అంతే అన్నాను. ఆమె నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. తప్పు మందు ఇచ్చినవాణ్ని చూసినట్టు చూసింది.

ఆ సమయానికి ఐలయ్య హాల్లో ఉన్నాడు. అతని పేరు పక్కన కూడా 'ఒ.పొ. శ' ఉంది. పిలిచి అడిగారు, శనివారం మందు మానేసేవాడివా అని. ముగ్గురు పెద్దమనుషులు, తలుపు దగ్గర డాక్టరు. ఐలయ్య తువ్వాలు చేతికి చుట్టుకుంటూ, "లే సార్. రోజు ఏసిన. ఒక్కరోజు గూడ తప్పలే" అన్నాడు. దాంతో తేలిపోయింది.

ఆమెను తీసెయ్యలేదు. ములుగు వైపు ఊళ్లకు తిరిగి కళ్లద్దాలు ఇచ్చే బండికి మార్చారు. కలిపిన మందు కౌంటర్‌లో పెట్టడం ఆపేశారు. ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. నాలుగు నెలలకు ఆమె పేరు మీద కంపెనీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. మీరు పంపిన సీసాలు పరీక్షించాం, మూతి సన్నగా మార్చాం, కృతజ్ఞతలు అని. చదివాను. మడిచి సొరుగులో పెట్టాను. నా తప్పు నాకు తెలిసింది ఆ రోజే. తర్వాత నడిచినదంతా తెలిసి నడిచిన కాలమే.

కమీషన్ మాట మా గోడల మధ్య ఆగలేదు. బెంచీల మీదికి, అక్కడి నుంచి ఇళ్లకు పోయింది. ఐలయ్య చెవినా పడింది. మేడం కంపెనీ దగ్గర తిని తన కంట్లో ఏదో పోయించిందని అతను నమ్మాడు. ఇంట్లో మిగిలిన కలిపిన మందూ మానేశాడు, పాత రెండు సీసాలూ ముట్టలేదు. ఏడాదిన్నర తర్వాత కొడుకు భుజం పట్టుకుని వచ్చాడు. కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమకంటిలో సన్నని గొట్టంలోంచి చూసినంత మిగిలింది. డాక్టరు మళ్లీ రెండు సీసాలు రాశాడు. కౌంటర్‌లో కన్నంలోంచి వాటిని నేనే ఇచ్చాను. బయటికి వచ్చి బెంచీ మీద అతని పక్కన కూర్చోలేదు.

తర్వాత కొన్నేళ్లకు నాకే నీటికాసులని తేలింది. నాకూ రెండు సీసాలే రాశారు. మందుల మధ్య బతికేవాణ్ని, నాకేం కష్టం అనుకున్నాను. నేనూ శనివారం ఒక్కపొద్దు ఉంటాను, మా అమ్మ అలవాటు చేసింది. మొదటి శనివారం పొద్దున చుక్క వేసుకోగానే చేదు గొంతులోకి దిగింది. నోరు పుక్కిలించాను. రెండో శనివారం సీసా తీసి మళ్లీ పెట్టేశాను, సాయంత్రం వేసుకోవచ్చులే అని. మూడో నెలకు ఆదివారం, సోమవారం కూడా పొద్దున సీసా గుర్తురావడం మానేసింది. ఎవరూ అడగలేదు. డాక్టరు అడిగితే రోజూ వేస్తున్నానని చెప్పాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాకే దాన్ని గుర్తుపట్టాను. అచ్చం ఐలయ్య చెప్పిన మాట అది.

ఆమె పుస్తకం కౌంటర్ అల్మారాలోనే ఉంది. ఆ సాయంత్రం తెరిచి మొదటి పేజీ నుంచి చదివాను. రెండు సీసాలు వాడేవాళ్లకు ఒక వరుస, ఒక్క సీసా వాడేవాళ్లకు ఒక వరుస. ఎవరు ఎన్ని నెలలు వచ్చారు, ఎప్పుడు ఆగారు. ఆగినవాళ్ల పేర్ల పక్కన కారణం. చెయ్యి వణుకుతది. కోడలు ఏస్తలేదు. బీపీ అనుకున్నడు. ఒ.పొ. రెండు సీసాలతో బాగున్నవాళ్ల పక్కన 'మార్చొద్దు' అని రాసి ఉంది, అలాంటి పేర్లు చాలానే ఉన్నాయి. ఖరీదు మందు అమ్ముకునే మనిషి ఆ మాట ఎందుకు రాసుకుంటుంది?

వర్ధన్నపేటలో కూతురి ఇంట్లో ఉంటున్నదని తెలిసి వెళ్లాను. వాకిట్లో కుర్చీ వేసుకుని పల్లికాయ ఒలుస్తున్నది. చాయ్ వచ్చింది. తాగి గ్లాసు కింద పెట్టాను. ట్రస్టు పెద్దలకు ఆ ఉత్తరం నేనే రాశాను మేడం అని చెప్పాను. కంపెనీ నుంచి వచ్చిన కాగితం కూడా చేతికిచ్చాను. ఆమె అద్దాలు పెట్టుకుని ఆ కాగితం ముందు చదివింది. మూతి మార్చిన్లా, మంచిదైంది, అన్నది. తర్వాత మళ్లీ పల్లికాయ ఒలవడం మొదలుపెట్టింది.

"నాకు చెప్పి ఏం ఫాయిదా తమ్మీ. నా కండ్లు మంచిగనే ఉన్నయ్. ఐలయ్యకు చెప్పినవా?"

లేదన్నాను.

"ఇంకో కన్ను ఉన్నది ఆయనకు. జల్ది చెప్పు."

క్షమించానని అనలేదు. నేను అడగనూలేదు. పోతానని లేస్తే గిన్నెడు పల్లీలు కాగితంలో కట్టి ఇచ్చింది. నేను ఐలయ్య దగ్గరికి వెంటనే పోలేదు. రేపు, వచ్చే వారం, పండుగ వెళ్లాక అనుకుంటూ వాయిదా వేశాను. నేను వాయిదాలు వేస్తుండగానే వానాకాలంలో ఆమె పోయింది.

దినాలు అయిన మరునాడు బయటి దుకాణంలో కలిపిన మందు సీసా ఒకటి కొని పట్టుకుని ఐలయ్య ఇంటికి పోయాను. మగ్గం ఒక మూలకు జరిపి ఉంది, దాని మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. గొంతు విని నన్ను గుర్తుపట్టాడు. చెప్పాల్సినదంతా చెప్పాను. ఉత్తరం నాదని, మేడం ఒక్క పైసా తినలేదని, ఈ మందు అతనికి నిలుస్తుందని ఆమె రాసిపెట్టుకున్నదని, దీని గురించి డాక్టరుతో మాట్లాడే వచ్చానని. అతను తల ఒక పక్కకు వంచి అంతా విన్నాడు.

"ఆమె నీకెంత ఇచ్చింది సారూ, గిట్ల చెప్పుమని?"

 ఏ రుజువు చూపినా అందులోనూ ఇంకేదో కనిపిస్తుంది అతనికి. అలా చూడటం నేర్పింది నేనే. ఆమె లేదు ఐలన్నా, పదకొండు దినాలు అయిపోయినయ్, అని మాత్రం అనగలిగాను. ఇంట్లో పనిచేసుకుంటున్న అతని భార్య చేతిలో పని ఆపింది. 

"శనారం ఎన్నడు ఎయ్యలే" అన్నాడు ఐలయ్య. "సార్లు తిడ్తరని ఏసిన అన్న. ఆమె నా దిక్కు జూసింది. గని ఏం అనలే."

సీసా కోసం చెయ్యి చాపాడు. చేతిలో పెట్టాను. మూత మీద బొటనవేలితో తడిమి, భార్య వైపు చాపి, సీలు ఉన్నదా చూడు అన్నాడు.

ఇప్పుడు నెలకొకసారి నేనే మందు పట్టుకుపోతున్నాను. డాక్టరు చూసినప్పుడు ఒత్తిడి దిగిందన్నాడు, ఎడమకన్ను ఉన్నచోటే నిలబడింది. ఐలయ్య నాతో పెద్దగా మాట్లాడడు. నేను వెళ్లిన ప్రతిసారీ సీసా తడిమి, సీలు చూడుమని భార్యకు ఇస్తాడు. ఆమె వెలుతురులోకి పోయి తిప్పి తిప్పి చూస్తుంది. ఉన్నది అని ఆమె అనేదాకా నేను గడప బయటే నిలబడి ఉంటాను.